డిసెంబర్ చివర్లో మొహావీ రోడ్: మూడు బళ్ళు, రెండు రాత్రులు. ప్లాన్ చూసి తప్పులు చెప్పండి

ఇసుకబండి

నమస్తే అందరికీ. క్రిస్మస్ తరవాత వచ్చే సెలవుల్లో కాలిఫోర్నియా ఎడారిలోని పాత మట్టి బండి బాట మొహావీ రోడ్ మొత్తం చేద్దామని మా బ్యాచ్ అనుకుంటోంది. కొలరాడో నది దగ్గర మొదలుపెట్టి పడమరగా వచ్చి ఆఫ్టన్ కాన్యన్ దాటి బయటపడడం, దాదాపు 140 మైళ్ళు. పెద్దవాళ్ళం ఆరుగురం, పిల్లలు ఇద్దరు (9, 12). బళ్ళు: నా ఫోర్‌రన్నర్, ఫ్రెండ్ నాలుగు డోర్ల జీప్ రాంగ్లర్, ఇంకో ఫ్రెండ్ సుబారు ఔట్‌బ్యాక్ వైల్డర్‌నెస్.

మొదటి రోజు పొద్దున 10కి నది దగ్గర బయల్దేరి ఫోర్ట్ పయూట్ చూసుకుని, లాన్‌ఫెయిర్ వ్యాలీ దాటి, రాత్రికి మిడ్ హిల్స్ దగ్గర మకాం. రెండో రోజు మార్ల్ స్ప్రింగ్స్, మెయిల్‌బాక్స్ (దారి పక్కన పేర్లు రాసే పుస్తకం ఉన్న పెట్టె), సోడా లేక్ (ఎండిన ఉప్పు చెరువు) దాటి రేజర్ ఇసుక దిబ్బల దగ్గర రెండో రాత్రి. మూడో రోజు ఆఫ్టన్ కాన్యన్, మధ్యాహ్నానికి ఇంటి దారి.

నాకు మెయిన్ డౌట్ సోడా లేక్. చలికాలంలో తడిగా ఉంటుందని కొందరు, ఏం కాదని కొందరు అంటున్నారు. రెండోది ఔట్‌బ్యాక్ వస్తుందా రాదా. మూడోది చలి, పిల్లలతో కదా. ఇంకా నేను చూసుకోనివి ఏమైనా ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి.

పెట్రోల్‌ఖర్చు

ఔట్‌బ్యాక్ వస్తుంది. తిరిగి వెళ్తుందా అన్నదే పాయింట్ 😄

రాళ్ళదారి

ప్లాన్ బావుంది, కానీ మొదటి రోజు లెక్క కుదరదు. డిసెంబర్ చివర్లో అక్కడ సూర్యోదయం 6:50 ప్రాంతంలో, సూర్యాస్తమయం 4:40 లోపే. పదింటికి బయల్దేరితే చేతిలో ఉండేది ఆరున్నర గంటల వెలుతురు, అందులో టైర్లలో గాలి తగ్గించడానికి, భోజనానికి, ఫోర్ట్ పయూట్‌లో తిరగడానికి రెండు గంటలు పోతే మిగిలింది నాలుగున్నర. నది దగ్గర నుంచి గవర్నమెంట్ హోల్స్ దాకా దాదాపు యాభై మైళ్ళు, ఈ దారిలో సగటున గంటకి పది పన్నెండు మైళ్ళు నడిస్తే మంచి వేగమే అనుకోవాలి. అంటే మధ్యలో ఇంకెక్కడా ఆగకుండా పోయినా చీకట్లోనే డేరాలు వేస్తారు. అదీ అయిదు వేల అడుగుల ఎత్తులో, గాలిలో, అలిసిపోయిన పిల్లలతో.

కాబట్టి ముందు రాత్రే నీడిల్స్‌కో లాఫ్లిన్‌కో చేరుకుని పడుకోండి, ట్యాంకులు ఫుల్ చేసుకుని వెలుతురు రాగానే దారి పట్టండి. చలికాలం ట్రిప్పుల్లో జనం వేడి బట్టలు మర్చిపోరు, పగలు ఎంత పొట్టిదో మర్చిపోతారు.

ఇంకోటి ఎవరూ చెప్పరు. మీరు వెళ్ళేది పడమరకి. మధ్యాహ్నం రెండు దాటాక సూర్యుడు కిందకి దిగి తిన్నగా మీ అద్దంలోకే కొడతాడు. దుమ్ము పట్టిన అద్దంలోంచి ముందున్న గుంట కనపడదు. వాట్సన్ వాష్‌లోకి దిగే గట్టు లాంటి చోట్లకి ఆ టైమ్‌లో రాకుండా చూసుకోండి, వరద వచ్చిన ప్రతిసారీ ఆ గట్టు రూపం మారుతుంది. ముందు ఒకరు దిగి నడిచి చూడాలి. భోజనానికి ఆగినప్పుడల్లా అద్దం లోపలా బయటా తుడవండి.

దారి గుర్తుకి రాళ్ళ గుట్టలు ఉంటాయి, తూర్పు నుంచి పడమరకి వెళ్ళేటప్పుడు మీ కుడి చేతి వైపు. డెనిస్ కేస్‌బియర్, ఆయనతో పనిచేసిన ఫ్రెండ్స్ ఆఫ్ ద మొహావీ రోడ్ వాళ్ళు 1980ల మొదట్లో ఈ పాత బండి బాటని మళ్ళీ కనిపెట్టి పెట్టించిన గుర్తులవి. చాలాసేపు ఒక్క గుట్ట కూడా కనపడకపోతే తప్పు వాగులోకి దిగారని అనుమానించండి. ఫోర్ట్ పయూట్ నుంచి పాత బాట కొండ మీదుగా బండి పోదు, వచ్చిన దారినే వెనక్కి వచ్చి చుట్టూ వెళ్ళాలి. దానికీ టైమ్ వేసుకోండి.

ఇసుకబండి

థాంక్స్ అన్నా, సూర్యాస్తమయం నేను 5:30 అనుకుని లెక్క వేసుకుంటున్నాను. ముందు రాత్రి లాఫ్లిన్‌లోనే ఉందాం అని ఇప్పుడే గ్రూప్‌లో పెట్టా. సోడా లేక్ సంగతి?

వాగువంక

సోడా లేక్ గురించి నేను చెప్తా, కొంచెం పొడుగవుతుంది.

మొహావీ నది శాన్ బెర్నార్డినో కొండల్లో పుట్టి సముద్రం వైపు కాకుండా ఎడారి లోపలికి పారే నది. దారిలో ఎక్కువ భాగం ఇసుక కింద నుంచే పోతుంది. ఆఫ్టన్ కాన్యన్‌లో కింద గట్టి రాయి పైకి రావడంతో నీళ్ళు కూడా పైకి వస్తాయి, అక్కడ నుంచి మళ్ళీ ఇంకిపోయి చివరికి చేరేది ఈ సోడా లేక్‌కే. అంటే మీరు దాటబోయేది నది ఆగిపోయే పల్లం. కింద భూగర్భ జలం పైకి చాలా దగ్గరగా ఉంటుంది. పైన ఉప్పుతో గట్టిపడ్డ అప్పడం లాంటి పొర, దాని కింద మెత్తటి బురద. పైన ఆరిపోయి తెల్లగా మెరుస్తున్నా లోపల ఏముందో కంటితో చెప్పలేం.

చలికాలంలో ఇది ఎందుకు ఎక్కువ ప్రమాదమంటే, ఎండ పల్చగా ఉంటుంది, ఆవిరి తక్కువ. వేసవిలో వాన పడితే త్వరగా ఆరుతుంది, జనవరిలో అదే వాన వారాల తరబడి నిలుస్తుంది. పైగా వాన మీ మీద పడనక్కర్లేదు. పసిఫిక్ నుంచి వచ్చే తుఫాను కొండల మీద గట్టిగా కురిస్తే ఆ నీళ్ళు తరవాత ఇక్కడికి దిగచ్చు, అప్పుడు మీ నెత్తిన ఆకాశం నీలంగానే ఉంటుంది. అందుకని చెరువు దగ్గరున్న ఊరు బేకర్ వాతావరణం ఒక్కటే చూస్తే చాలదు, నది పుట్టే ఆ కొండల్లోని బిగ్ బేర్ వైపు కూడా చూడండి, అదీ ట్రిప్‌కి రెండు మూడు వారాల ముందు నుంచి.

పొడిగా ఉంటే అడ్డంగా ఆరేడు మైళ్ళు, హాయిగా పోతారు. మధ్యలో ట్రావెలర్స్ మాన్యుమెంట్ ఉంటుంది, దారిన పోయేవాళ్ళు తలో రాయి వేసి పెంచిన గుట్ట. పిల్లల చేత ఒక రాయి ముందే ఏరించి పెట్టుకోండి, ఆ చెరువులో రాళ్ళు దొరకవు. పైనున్న ఫలకం మీద ఏం రాసుందో బయట చెప్పకూడదని ఆనవాయితీ, నేనూ చెప్పను.

గ్రౌండ్‌క్లియరెన్స్

ఇంత భయపెట్టక్కర్లేదు. నేను జనవరిలో దాటాను, గట్టిగానే ఉంది. ఒక్కచోట స్టీరింగ్ కొంచెం జారినట్టు అనిపించింది అంతే. వేగం తగ్గించకుండా పోతే అయిపోతుంది.

వాగువంక

గ్రౌండ్‌క్లియరెన్స్ గారూ, మీరు వెళ్ళిన ఏడాది పొడిగా ఉందేమో. దానికీ ఈ డిసెంబర్‌కీ సంబంధం లేదు. వేగం విషయం పొడి ఇసుకకి సరే, ఇక్కడ వేగంగా పోతే పొర పగిలే లోపు చెరువులోకి ఇంకా దూరం వెళ్ళి దిగబడతారు, అంతే తేడా. లాగడానికి వచ్చే రెండో బండి నిలబడాల్సింది కూడా అదే బురద మీద. మామూలు టోయింగ్ వాళ్ళు తారు రోడ్డు దిగి రారు. ఎడారి రికవరీ చేసేవాళ్ళని పిలిపించుకోవాలి, అది ఒక పూటలో తెమిలే పని కాదు, చవకా కాదు.

నా పద్ధతి ఇది. తూర్పు ఒడ్డున బళ్ళు ఆపి ఇద్దరు ఒక రెండు వందల అడుగులు నడవాలి, పార తీసుకుని. మడమతో గట్టిగా తొక్కినప్పుడు పొర విరిగి కింద నల్లటి తడి కనపడినా, పార సులువుగా దిగిపోయినా అక్కడితో ఆపేసి వెనక్కి. ఒడ్డున గట్టిగా ఉండి మధ్యలో మెత్తబడ్డం కూడా మామూలే, అందుకని ముందు బండి వెళ్ళి రేడియోలో చెప్పాకే రెండోది కదలాలి. పాత టైర్ల గాడి లోతుగా ఉంది కదా అని పక్కనుంచి పోకండి. ఆ పక్క నేల ఇంకా మెత్తన, పైగా ఉన్న దారి వదిలి చెరువు మీద తిరగడం చట్టవిరుద్ధం, ఆ గాడులు ఏళ్ళ తరబడి పోవు.

రాళ్ళదారి

దీనికి పూర్తిగా ఓటు. తడిగా ఉంటే చుట్టుదారి సులువే: కెల్‌బేకర్ రోడ్ ఎక్కి ఉత్తరంగా బేకర్, అక్కడ నుంచి ఐ-15 హైవే మీద పడమరగా రేజర్ రోడ్ ఎగ్జిట్, మళ్ళీ దారిలో కలుస్తారు. గంటా గంటన్నర పని. బేకర్‌లో పెట్రోల్ కూడా ఉంది, అసలు దారి మీద ఎక్కడా లేదు కదా. అక్కడి పెద్ద థర్మామీటర్ దగ్గర పిల్లలు ఫోటో కూడా దిగచ్చు, 1913లో డెత్ వ్యాలీలో నమోదైన 134 ఫారెన్‌హీట్ డిగ్రీలకి గుర్తుగా 134 అడుగుల ఎత్తు కట్టారు. చలికి వణుకుతూ దాని కింద నిలబడడం ఓ సరదా.

పెట్రోల్‌ఖర్చు

బేకర్‌లో పెట్రోల్ రేటు చూస్తే చలి దానంతటదే పోతుంది.

గ్రౌండ్‌క్లియరెన్స్

సరే చెరువు సంగతి ఒప్పుకుంటా, పార పట్టుకెళ్ళడంలో నష్టం లేదు. ఔట్‌బ్యాక్ విషయం మాత్రం నాకు తెలుసు, నాదీ అదే బండి. వైల్డర్‌నెస్‌కి 9.5 అంగుళాల గ్రౌండ్ క్లియరెన్స్, ఫోర్‌రన్నర్‌కి పెద్దగా తీసిపోదు. లేనిది లో రేంజ్ గేర్ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేర్). మొహావీ రోడ్‌లో పెద్ద రాళ్ళు ఎక్కే పని దాదాపు లేదు, అందుకని రాళ్ళ వల్ల ఆగిపోదు. ఇబ్బంది పెట్టేది మెత్తటి ఇసుక. మెయిల్‌బాక్స్ దాటాక విల్లో వాష్, ఆ తరవాత రేజర్ వైపు, మైళ్ళ కొద్దీ ఇసుకలో సీవీటీ (దాని ఆటోమేటిక్ గేర్‌బాక్స్) వేడెక్కుతుంది. వేడి లైట్ వెలిగితే ఇంజన్ ఆపకుండా న్యూట్రల్‌లో నిలబెట్టి చల్లారనివ్వాలి. చలికాలం కాబట్టి కొంత నయం. ముందు చక్రాల వెనక ప్లాస్టిక్ క్లిప్పులు ఊడొస్తే కంగారు పడొద్దు, జిప్ టైలు దగ్గర పెట్టుకోండి.

మూడు బళ్ళలో దాన్ని మధ్యలో పెట్టండి. ముందు పోనివ్వకండి, చివర్లో వదలకండి.

స్పేర్ టైర్ చూసుకోండి, డోనట్ (చిన్న తాత్కాలిక టైర్) కాకుండా ఫుల్ సైజ్ అయి ఉండాలి, అందులో గాలి కూడా ఉండాలి! ప్లగ్ కిట్ తప్పనిసరి. లాన్‌ఫెయిర్ వ్యాలీలో ముళ్ళ పొదలు రెండు వైపులా బండి పెయింట్ గీకేస్తాయి, ఫ్రెండ్‌కి ముందే చెప్పండి, తరవాత గొడవ పడతాడు.

ఇసుకబండి

పెయింట్ సంగతి చెప్పగానే ఔట్‌బ్యాక్ ఫ్రెండ్ ఆన్‌లైన్‌లో లేకుండా పోయాడు 😀 టైర్లలో గాలి ఎంత పెట్టుకోవాలి? జీప్ వాడు 12 పీఎస్‌ఐ అంటున్నాడు.

రాళ్ళదారి

12 వద్దు. బీడ్‌లాక్ రిమ్ (టైర్ అంచుని బిగించి పట్టే రిమ్) లేకుండా అంత దింపితే మలుపులో టైర్ రిమ్ నుంచి ఊడి కూర్చుంటుంది. రోడ్డు మీద 35 ఉంటే రాళ్ళూ గతుకులూ ఉన్నచోట 25, ఇసుకలో 18 నుంచి 20. కూరుకుపోయి కదలకపోతేనే 15, బయటపడగానే మళ్ళీ నింపాలి. గాలి తగ్గితే టైర్ పొడుగ్గా పరుచుకుని ఎక్కువ ఇసుక మీద బరువు పంచుతుంది, దాంతో తవ్వుకోకుండా పైన పోతుంది. గతుకులు కూడా సగం తగ్గుతాయి, పిల్లల వాంతులు కూడా. వేగం మాత్రం పెంచకూడదు, తగ్గించిన గాలితో తారు రోడ్డు మీద పరిగెడితే టైర్ వేడెక్కి పగులుతుంది. కంప్రెసర్ ప్రతి బండిలో లేకపోయినా కనీసం రెండిట్లో ఉండాలి.

చలికి ఒక చిన్న మాట. ఉష్ణోగ్రత పది ఫారెన్‌హీట్ డిగ్రీలు పడితే 35 ఉన్న టైర్‌లో దాదాపు 1 పీఎస్‌ఐ తగ్గుతుంది, గాలి తగ్గించిన టైర్‌లో అంతకంటే తక్కువ. మధ్యాహ్నం 65 డిగ్రీల్లో 18 పెట్టుకుని పడుకుంటే తెల్లారి 25 డిగ్రీల్లో దాదాపు పదిహేనున్నర చూపిస్తుంది. పంచర్ అనుకుని టెన్షన్ పడకండి, కానీ అలాగే బండి తియ్యకండి, కొంచెం నింపుకోండి.

లాగుడు తాడు విషయంలో ఒక్కటే రూల్, ట్రెయిలర్ బాల్‌కి తాడు తగిలించి లాగకూడదు. బాల్ విరిగి ఎగిరొచ్చి మనుషులు చచ్చిపోయిన సంఘటనలున్నాయి. రికవరీకని రేటింగ్ ఉన్న కొక్కేనికే తగిలించాలి. బండిని ట్రక్ మీదకెక్కించి కట్టడానికి ఇచ్చిన రింగ్ దానికి పనికిరాదు. తాడు బిగిసి ఉన్నంతసేపు పిల్లల్ని బళ్ళలో కూర్చోబెట్టండి.

చలిపులి

చలి గురించి ఎవరూ రాయలేదు కాబట్టి.

మొదటి రాత్రి మకాం ఎక్కడన్నది మీ ప్లాన్‌లో అన్నిటికంటే ముఖ్యం. మిడ్ హిల్స్ అయిదు వేల అడుగుల పైన ఉంది. డిసెంబర్ చివర్లో రాత్రి గడ్డకట్టే చలి మామూలే, 20ల ఫారెన్‌హీట్‌లోకి దిగినా ఆశ్చర్యం లేదు, తుఫాను వస్తే మంచు కూడా పడుతుంది. దానికంటే లాన్‌ఫెయిర్ వైపే ముందుగా ఆగడం మేలు. కానీ పల్లంలో కాదు. రాత్రి చల్లగాలి బరువుగా కిందకి జారి పల్లాల్లోనూ వాగుల్లోనూ చేరుతుంది, గాలి లేని రాత్రి వాగు అడుక్కీ యాభై అడుగుల పైన వాలుకీ చలిలో తేడా ఒళ్ళు చెప్పేస్తుంది. వాలు మీద, గాలికి రాళ్ళ చాటున, పొద్దున ఎండ ముందు తగిలే తూర్పు ముఖంగా. ఇలాంటి చోటు మూడున్నర లోపే వెతుక్కోవాలి. వాగులో ఎప్పుడూ వద్దు, వరద వస్తే వచ్చినట్టు తెలిసేలోపు అయిపోతుంది. వేసిన చోటే వెయ్యండి, అంటే ఇంతకు ముందు జనం వాడి నేల బోసిపోయిన చోటే, దారి పోయే మొహావీ నేషనల్ ప్రిజర్వ్ రూల్ కూడా అదే. ఊటల పక్కన వద్దు, రాత్రి జంతువులు నీళ్ళకి అక్కడికే వస్తాయి.

స్లీపింగ్ బ్యాగ్ మీద రాసిన అంకె నమ్మకండి. ఒకటి కంఫర్ట్, ఇంకోటి లిమిట్. పెద్ద అక్షరాల్లో వేసేది చాలాసార్లు లిమిట్, అంటే ముడుచుకుని ఎలాగో రాత్రి గడపగలిగేది. 20 అని కొనుక్కుని 20లో హాయిగా నిద్రపోతామనుకుంటే తెల్లవార్లూ మేలుకుంటారు. అసలు చలి పైనుంచి కాదు, కింద నుంచి. గాలి నింపే మామూలు పరుపు, లోపల గాలి కదులుతూ ఒంట్లో వేడినంతా నేలకి దిగేస్తుంది. ఆర్ వాల్యూ (చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 4 పైన ఉన్న ప్యాడ్ చూడండి, లేకపోతే ఉన్నదాని కింద మడతపెట్టే ఫోమ్ ప్యాడ్ ఒకటి వెయ్యండి. ఆర్ వాల్యూలు కూడుకుంటాయి. పిల్లలకి ముందు ఇది కొనండి, జాకెట్ తరవాత.

పగలు చెమట పట్టిన కాటన్ బట్టలతో పడుకోకండి. పడుకునే ముందు మార్చుకోవాలి, సాక్స్‌తో సహా.

స్టవ్ గ్యాస్. సన్న క్యానిస్టర్‌లో అచ్చం బ్యూటేన్ ఉంటే 31 డిగ్రీల దగ్గర అది ఆవిరవడం మానేస్తుంది, అంటే మీకు కాఫీ కావాల్సిన టైమ్‌కే. ఐసోబ్యూటేన్ 11 దాకా పనిచేస్తుంది, ప్రొపేన్ మైనస్ 44 దాకా. బళ్ళలో పోతున్నారు కదా, బరువు లెక్క లేదు, ప్రొపేన్ స్టవ్ తెచ్చుకోండి. ప్రొపేన్ హీటర్ మాత్రం డేరాలో పెట్టుకుని నిద్రపోవద్దు, ఏ సేఫ్టీ సెన్సర్ ఉన్నాసరే. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు. వేడినీళ్ళ సీసా గుడ్డ చుట్టి బ్యాగులో కాళ్ళ దగ్గర పెట్టుకుంటే చాలు, మూత గట్టిగా బిగించి.

ఫ్రిజ్‌కి లిథియం పవర్ బాక్స్ వాడతారా? చాలావాటిలో ఉండేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్. అవి 32 డిగ్రీల కింద చార్జ్ ఎక్కించుకోకూడదు. వాడుకోవచ్చు, చార్జ్ కాదు. రాత్రి బండి వెనక వదిలేసి తెల్లారగానే సోలార్ తగిలిస్తే ఎక్కదు, లోపల కాపాడే సర్క్యూట్ బోర్డు లేనిదైతే బ్యాటరీ పాడవుతుంది. బండి లోపల మనుషుల దగ్గర పెట్టుకోండి.

నక్షత్రపిచ్చి

చలిపులి గారూ బాగా రాశారు. పిల్లల తల్లిగా ఇంకొన్ని.

నీళ్ళు చలికాలంలో జనం తక్కువ తాగుతారు, దాహం వెయ్యదు కాబట్టి. గాలి మాత్రం ఎండాకాలంలాగే పొడి. మనిషికి రోజుకి ఒక గ్యాలన్, వంటకి అదే లెక్కలో, పైన ఒక రోజుకి ఎక్స్‌ట్రా. ఎనిమిది మందికి మూడు రోజులకి 24, నాలుగో రోజుకి ఇంకో 8. అన్నీ ఒకే బండిలో పెట్టకండి, ఆ బండే దిగబడితే? రాత్రి క్యాన్లు బయట వదిలేస్తే పైన గడ్డకట్టి కుళాయి రాదు. పొద్దుటికి కావాల్సింది రాత్రే గిన్నెలో పోసి పెట్టుకోండి, గడ్డకట్టినా స్టవ్ మీద పెట్టేస్తే పోతుంది.

టాయిలెట్ గురించి మగవాళ్ళెవరూ రాయరు. దారి పొడుగునా ఏమీ ఉండదు. లాన్‌ఫెయిర్‌లో జాషువా చెట్ల చాటైనా ఉంది, సోడా లేక్ మధ్యలో అయిదు మైళ్ళ దాకా చాటు అన్నదే లేదు. చిన్న పాపప్ డేరా, వ్యాగ్ బ్యాగులు (మలం మూట కట్టి తెచ్చేసుకునే సంచులు) తెచ్చుకోండి. కాగితం పాతిపెడితే గాలీ కొయోటీలూ కలిసి బయటికి తీస్తాయి, వెంట తెచ్చేసుకోవాల్సిందే. ఆడవాళ్ళు ట్రిప్‌కి రామంటే సగం కారణం ఇదే, మిగతా సగం సాయంత్రం 5కే చీకటి.

ఆ చీకటి విషయం నిజంగా ఆలోచించండి. 5 నుంచి పడుకునే దాకా నాలుగు గంటలు, తొమ్మిదేళ్ళ పిల్లకి చాలా పొడుగు. మంట ఉంటే గడుస్తుంది. ప్రిజర్వ్‌లో కట్టెలు ఏరడం నిషేధం, ఎండిపోయిన జాషువా కొమ్మ కూడా ముట్టుకోకూడదు. కట్టెలు కొనుక్కుని, ఇనప పళ్ళెం ఒకటి తీసుకెళ్ళి అందులోనే వెలిగించి, బూడిద చల్లారాక మూట కట్టి తెచ్చుకోండి. గాలి ఉంటే అసలు వద్దు. 2020 ఆగస్టులో సీమా డోమ్ మీద పిడుగు వల్ల అంటుకున్న మంట 43 వేల ఎకరాల పైన కాల్చేసింది, పది లక్షలకి పైగా జాషువా చెట్లు పోయాయని అంచనా. 2023లో యార్క్ ఫైర్ ఇంకా పెద్దది. కాలిపోయిన ఆ మొండేలు చూశాక మా పిల్లలు మంట అడగడం మానేశారు, అది వేరే సంగతి. ఆఫ్టన్ వైపు బీఎల్‌ఎం (ఫెడరల్ భూముల శాఖ) భూమి, అక్కడ క్యాంప్‌గ్రౌండ్ బయట స్టవ్‌కి కూడా కాలిఫోర్నియా క్యాంప్‌ఫైర్ పర్మిట్ ఉండాలి, ఆన్‌లైన్‌లో ఫ్రీగా ఇస్తారు.

తరంగం

ఫోన్ సిగ్నల్ మీద లెక్క పెట్టుకోవద్దు. మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దింపుకోండి, రెండు ఫోన్లలో, ఒక కాగితం మ్యాప్ కూడా. ఫోన్ బ్యాటరీ చలికి గబుక్కున పడిపోతుంది, రాత్రి బ్యాగులో పెట్టుకుని పడుకోండి.

బళ్ళ మధ్య మాట్లాడుకోవడానికి జీఎంఆర్‌ఎస్ రేడియోలు (లైసెన్స్ కావాల్సిన వాకీటాకీలు) తీసుకోండి. లైసెన్స్ 35 డాలర్లు, పరీక్ష లేదు, పదేళ్ళు, ఇంట్లోవాళ్ళందరికీ ఒకటే చాలు. మీరు మూడు కుటుంబాలు కాబట్టి మూడు. దుమ్ములో ఒకరి వెనక ఒకరు అర మైలు దూరంలో పోతారు, రేడియో లేకపోతే వెనకబండి ఆగిన సంగతి ముందువాడికి ఇరవై నిమిషాల తరవాత తెలుస్తుంది. ఎవరైనా చీలిక దగ్గర మలుపు తిరిగితే వెనకవాడు కనపడేదాకా అక్కడే ఆగాలి.

శాటిలైట్ మెసెంజర్ ఒకటి అయినా ఉండాలి. ఐఫోన్ 14 నుంచి శాటిలైట్ ఎస్‌ఓఎస్ ఉంది, అది అత్యవసరానికి సరే, కానీ ఒక్క ఫోన్ పగిలితే అంతే కాబట్టి ఇన్‌రీచ్ లాంటిది వేరేగా ఉంటే మంచిది. ఇంట్లో ఉండే ఒకరికి కాగితం మీద రాసి ఇవ్వండి: ఏ దారి, ఏ రాత్రి ఎక్కడ, బళ్ళ నంబర్లు, మూడో రోజు ఎన్నింటిలోపు మెసేజ్ రాకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి. 1996లో డెత్ వ్యాలీలో నలుగురు జర్మన్ పర్యాటకులు తప్పిపోయారు. అద్దె వ్యాన్ మూడు టైర్లు పోయి ఆన్విల్ కాన్యన్‌లో దొరకడానికే నెలలు పట్టింది, పెద్దవాళ్ళ ఎముకలు దొరికింది 2009లో. వాళ్ళు ఎటు వెళ్తున్నారో ఎవరికీ చెప్పలేదు, అందుకే ఎక్కడ వెతకాలో తెలీలేదు. అది జూలై, మీది డిసెంబర్, కానీ కాగితం రెండిటికీ ఒకటే.

గ్రౌండ్‌క్లియరెన్స్

ఆఫ్టన్ కాన్యన్ నీళ్ళ సంగతి ఎవరూ చెప్పలేదేం? నాకు సోడా లేక్ కంటే అదే భయం. క్యాంప్‌గ్రౌండ్ దగ్గర నది దాటాలి, ఒక్కో ఏడాది మోకాలి లోతు, ఒక్కో ఏడాది బంపర్ మీదకి. ఔట్‌బ్యాక్‌కి ఎయిర్ ఇన్‌టేక్ ముందు వైపే ఉంటుంది.

వాగువంక

నిజమే. కర్ర పట్టుకుని ఒకరు నడిచి చూడాలి, చలికాలం కాబట్టి ఆ ఒకరు ఎవరో ముందే చీటీలు వేసుకోండి 😄 మోకాలు దాటితే ఔట్‌బ్యాక్ వద్దు, తూర్పుకి తిరిగి రేజర్ మీదుగా హైవే ఎక్కడమే. దాటితే నెమ్మదిగా, ముందు అల లేచేంత వేగం మాత్రమే, మధ్యలో ఆగకూడదు, గేర్ మార్చకూడదు. పక్కన రైలు పట్టాలున్నాయి, నీళ్ళు తప్పించుకుందామని ఆ కట్ట ఎక్కకండి, అది రైల్వే వాళ్ళ స్థలం.

ఇసుకబండి

అందరికీ చాలా థాంక్స్. ప్లాన్ మార్చాం.

ముందు రాత్రి లాఫ్లిన్. పొద్దున 7కి దారి మీద. మొదటి రాత్రి లాన్‌ఫెయిర్ వ్యాలీలో పడమటి వైపు వాలు మీద, మూడున్నరకి ఎక్కడుంటే అక్కడే పాత మకాం చూసుకుని ఆగుతాం, మిడ్ హిల్స్ దాకా పోము. రెండో రోజు రాక్ స్ప్రింగ్, గవర్నమెంట్ హోల్స్, మెయిల్‌బాక్స్. మెయిల్‌బాక్స్ దగ్గర మధ్యాహ్నం 1 దాటితే ఆ రోజు చెరువులోకి దిగము. దిగేముందు పార పరీక్ష, డౌట్ ఉంటే బేకర్. మూడో రోజు ఆఫ్టన్, నీళ్ళు ఎక్కువుంటే రేజర్ నుంచి బయటికి.

ఒకటే గొడవ. జీప్ వాడు సోడా లేక్ దాటకపోతే మొహావీ రోడ్ చేసినట్టే కాదు అంటున్నాడు.

రాళ్ళదారి

వాడితో చెప్పండి, 1860లలో సైన్యం బళ్ళు, టపా బళ్ళు పోయిన దారి ఇది. వాళ్ళకి కంచర గాడిదలున్నాయి, దిగబడితే అవే లాగేవి.

సీరియస్‌గా చెప్తే, ఈ గొడవ చెరువు ఒడ్డున పెట్టుకోకండి. అక్కడ ముగ్గురు డ్రైవర్లలో ఏ ఒక్కరు వద్దన్నా వద్దే అని ఇంట్లోనే ఒప్పుకుని బయల్దేరండి. ఒడ్డున నిలబడ్డాక ఎవరికీ వెనక్కి తిరగాలనిపించదు.

మధ్యలో బయటపడే రోడ్లు కూడా మ్యాప్‌లో గుర్తు పెట్టుకోండి. లాన్‌ఫెయిర్ రోడ్ దక్షిణంగా గోఫ్స్‌కి. సీడర్ కాన్యన్ దగ్గర బ్లాక్ కాన్యన్ రోడ్ హోల్ ఇన్ ద వాల్ క్యాంప్‌గ్రౌండ్‌కి. ఆ తరవాత కెల్సో-సీమా తారు రోడ్, దాని తరవాత కెల్‌బేకర్. పిల్లకి జ్వరం వచ్చినా, టైర్లు రెండు పోయినా ఏ రోడ్ దగ్గరో ప్రతి మకాం దగ్గరా ఒకసారి చూసుకోండి. 2023 ఆగస్టులో హిలరీ తుఫాను ప్రిజర్వ్‌లో రోడ్లు చాలా కోసేసింది, అలాంటివి మళ్ళీ ఎప్పుడైనా జరగచ్చు కాబట్టి బయల్దేరే ముందు రోజు పార్క్ సర్వీస్ వాళ్ళ రోడ్ల పేజీ చూడండి.

నక్షత్రపిచ్చి

మెయిల్‌బాక్స్‌లో పుస్తకం ఉంటుంది, పిల్లల చేత పేర్లు రాయించండి. 1983 నుంచి జనం రాస్తున్నారు. దాని వెనక కప్ప బొమ్మల కుప్ప ఒకటుంది, ఎందుకుందో నన్నడక్కండి. చిన్న ప్లాస్టిక్ కప్ప తీసుకెళ్తే తొమ్మిదేళ్ళ పిల్లకి రెండో రోజంతా అదే పని.

ఇసుకబండి

కప్ప ఆర్డర్ పెట్టేశాం అక్కా. జీప్ వాడు ఒప్పుకున్నాడు, ముగ్గురిలో ఒకరు వద్దంటే వద్దే. ఈ వారంలో ఎవరైనా కెల్‌బేకర్ రోడ్ మీద వెళ్ళారా, చెరువు ఎలా కనపడింది?

పెట్రోల్‌ఖర్చు

మొన్న వేగాస్ నుంచి వస్తూ బేకర్‌లో ఆగాం. హైవే మీద నుంచి చూస్తే మెరుస్తోంది. నీళ్ళో ఉప్పో తెలీలేదు.

వాగువంక

దూరం నుంచి ఎవరికీ తెలీదు. పోయిన వారం బిగ్ బేర్‌లో మాత్రం గట్టిగా కురిసింది.

ఇసుకబండి

అయితే బేకర్ మీదుగానే అనుకుని టైమ్, పెట్రోల్ లెక్క వేస్తున్నా. పొడిగా ఉంటే ఆ మిగిలిన గంట ఆఫ్టన్‌లో వాడుకుంటాం.